తుఫాన్ వేళ లాయంలోనా.. బయటా? అమెరికా గుర్రాల పాఠం మన గేదెలకు ఎంతవరకు పనికొస్తుంది?

బంగాళాఖాతంలో అల్పపీడనం.. వాయుగుండంగా మారే అవకాశం! అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా టీవీలో ఈ స్క్రోలింగ్ మొదలైతే చాలు, శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా పశువులున్న ప్రతి ఇంట్లో ఒకే చర్చ. మనుషులకైతే పునరావాస కేంద్రం ఉంది. మరి కొట్టంలో ఉన్న గేదె సంగతేంటి? కట్టేసి ఉంచాలా? పలుపు విప్పి వదిలేయాలా?

సరిగ్గా ఇదే ప్రశ్న అమెరికాలో గుర్రాల యజమానులను ఏళ్లుగా వేధిస్తోంది. హరికేన్ వస్తోందంటే ఫ్లోరిడా, టెక్సాస్, నార్త్ కరోలినాల్లో గుర్రాన్ని లాయంలో పెట్టి తలుపు వేయాలా, పచ్చిక బయలులోకి వదలాలా అన్నదానిపై పెద్ద వాదనే నడుస్తుంది. లోపల ఉంటే భద్రం అనేది ఒక వర్గం. కప్పు కూలితే పారిపోయే దారే ఉండదు కదా అనేది ఇంకో వర్గం. అయితే అక్కడ ఈ వాదన మాటలతోనే ఆగిపోలేదు. ఏ గుర్రం ఎలా చనిపోయిందో గమనించి కొన్ని పాఠాలు రాసుకున్నారు. వాటిలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. గుడ్డిగా పాటిస్తే మన దగ్గర ప్రాణం తీసేవీ ఉన్నాయి.

ఆండ్రూ హరికేన్ చెప్పిన నిజం

1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను చీల్చి చెండాడింది. ఆ తర్వాత అక్కడి పెద్ద పశువుల మరణాలకు ప్రధాన కారణాలేంటో ఫ్లోరిడా యూనివర్సిటీ పశువైద్య నిపుణులు తమ సూచనల్లో చెప్పారు. కూలిన లాయాల కింద నలిగిపోవడం. కరెంటు షాక్. నీళ్లు అందక కిడ్నీలు దెబ్బతినడం. కంచె దాటి పారిపోయి రోడ్డు మీద వాహనాల కింద పడటం లేదా ముళ్లకంచెలో చిక్కుకోవడం.

ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. కూలిన లాయం లోపల ఉన్నవాటిని చంపింది. రోడ్డు, ముళ్లకంచె బయటకు పారిపోయినవాటిని చంపాయి. కరెంటు తీగకు లోపలా బయటా తేడా లేదు. నీళ్లు లేకపోవడం అనేది తుఫాన్ వెళ్లిపోయాక వచ్చిన చావు. అంటే లోపలే మంచిది అన్నవాళ్లూ, బయటే మంచిది అన్నవాళ్లూ ఇద్దరూ పూర్తిగా గెలవలేదు!

అందుకే అక్కడి నిపుణుల సలహా కూడా షరతులతోనే ఉంటుంది. కంచె గట్టిగా ఉండి, చెట్లు తక్కువగా ఉన్న విశాలమైన మైదానమైతే గుర్రాన్ని బయట వదలడమే మేలు. కరెంటు తీగలు మీదుగా వెళ్తుంటే వద్దు. ముళ్లకంచె ఉంటే వద్దు. వేళ్లు లోతుగా లేని చెట్లుంటే వద్దు. కాంక్రీటు గోడలతో పటిష్ఠంగా కట్టిన లాయమైతే ఎగిరొచ్చే రేకులు, కొమ్మల నుంచి కాపాడుతుంది. కానీ అది కూలితే లోపలున్న గుర్రం ఇరుక్కుపోతుంది. వీటన్నిటికంటే ముందు మాట ఇంకోటి ఉంది. వీలుంటే తుఫాన్ దారి నుంచి ముందే తరలించేయాలి.

ఒకే రాష్ట్రం.. రెండు మందలు

బయట వదిలితే జంతువు తన దారి తాను చూసుకుంటుందన్న నమ్మకం మన పల్లెల్లోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. అది ఎంతవరకు నిజమో నార్త్ కరోలినా తీరంలోని రెండు అడవి గుర్రాల మందలు చూపించాయి.

2018 సెప్టెంబర్‌లో ఫ్లోరెన్స్ హరికేన్ వచ్చినప్పుడు కొరొల్లా ప్రాంతంలోని అడవి గుర్రాలు క్షేమంగా బయటపడ్డాయి. గాలి పెరిగితే అవి మెరక ప్రాంతానికి చేరతాయి. గట్టి ఓక్ చెట్ల చాటున గుంపుగా నిలబడి, గాలికి వీపు తిప్పి, తలలు దించుకుంటాయి. తరతరాలుగా వచ్చిన తెలివి అది.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2019 సెప్టెంబర్ 6న డోరియన్ హరికేన్ అదే రాష్ట్రాన్ని తాకింది. సీడర్ ఐలాండ్‌లో ఉన్న అడవి గుర్రాల్లో 28 కొట్టుకుపోయాయి. వాటితో పాటు ఆవులు కూడా నీటిపాలయ్యాయి. ఆ గుర్రాలకు కట్టు లేదు. లాయం లేదు. పుట్టినప్పటి నుంచి అక్కడే తిరిగినవే. అయినా ఒక్కసారిగా ఎగసొచ్చిన సముద్రపు నీటి ముందు ఆ తెలివి పనిచేయలేదు. విచిత్రమేంటంటే, కొట్టుకుపోయిన ఆవుల్లో మూడు మాత్రం కొన్ని మైళ్ల దూరంలోని మరో దీవి మీద ప్రాణాలతో కనిపించాయి. ఈదుకుంటూ వెళ్లి ఉంటాయని అధికారులు భావించారు.

తేడా ఎక్కడొచ్చింది? కొరొల్లా గుర్రాలకు చేరుకోవడానికి మెరక ఉంది. సీడర్ ఐలాండ్ గుర్రాలకు నీరు టైం ఇవ్వలేదు. గాలిని జంతువు తట్టుకుంటుంది. ఉప్పెనను తట్టుకోలేదు. ఈ మొత్తం వ్యవహారంలో మొదట తేల్చుకోవాల్సింది ఇదే. వచ్చేది గాలి గండమా? నీటి గండమా?

ఆంధ్రా తీరానికి ఇది కొత్త పాఠం కాదు

1977 నవంబర్ 19.. దివిసీమ. 5 మీటర్లకు పైగా ఎత్తున ఉప్పెన ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. వేల సంఖ్యలో పశువులు కొట్టుకుపోయాయి. ఆ రోజు కొట్టంలో ఉన్న గేదెకూ, పొలంలో ఉన్న గేదెకూ పెద్ద తేడా లేదు. అంత నీటి ముందు పలుపు విప్పినా ప్రయోజనం తక్కువే. ముందు రోజే మెరకకు తోలుకెళ్లి ఉంటేనే దక్కేవి.

1996 నవంబర్‌లో కోనసీమను తాకిన తుఫాన్‌లో గాలి విధ్వంసం ఎలా ఉంటుందో ఊళ్లకు ఊళ్లు చూశాయి. లక్షల సంఖ్యలో కొబ్బరి చెట్లు నేలకూలాయి. 2014 అక్టోబర్ 12న విశాఖను తాకిన హుద్‌హుద్ కూడా ప్రధానంగా గాలి తుఫానే. రేకుల షెడ్లు కాగితాల్లా ఎగిరిపోయాయి. అలాంటి చోట సిమెంట్ రేకుల పాకలో కట్టేసి ఉన్న పశువుకు ఆ పాకే శత్రువు.

2024 సెప్టెంబర్ 1న విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు మాత్రం కథ వేరు. అక్కడ చెప్పుకోదగ్గ ఈదురుగాలి లేదు. నీళ్లే ముంచాయి. కాలనీలకు కాలనీలు మునిగిపోయాయి. ఇలాంటి వరదలో గేదెకు ఈత రాక కాదు ప్రాణం పోయేది. గేదె బాగానే ఈదుతుంది. మెడకున్న తాడు ఈదనివ్వదు. నీరు ముక్కు దాకా వచ్చినా గుంజకు కట్టిన పలుపు మూరెడు కూడా సాగదు.

అందుకే తుఫాన్ వచ్చిన ప్రతిసారీ పశుసంవర్ధక శాఖ సూచనల్లో కనిపించే మాట ఒక్కటే. పశువులను కట్టేసి వదిలి వెళ్లొద్దు. లోపల ఉంచినా, బయట ఉంచినా ఈ ఒక్క మాటలో మాత్రం మార్పు లేదు.

మన దగ్గర బయట అంటే ఎక్కడ?

ఇక్కడే అమెరికా సలహా మనకు అడ్డం తిరుగుతుంది. ఫ్లోరిడాలో గుర్రాన్ని బయట వదలడమంటే ఎకరాల కొద్దీ ఖాళీ పచ్చిక, చుట్టూ గట్టి చెక్క కంచె. గుర్రాన్ని తరలించాలంటే ఇంటి ముందు ట్రైలర్. కోనసీమలోనో, కృష్ణా డెల్టాలోనో బయట అంటే ఏముంది? ఒక పక్క కొబ్బరి తోట. ఇంకో పక్క రొయ్యల చెరువు. చెరువు గట్టు మీద ఏరియేటర్ల కోసం లాగిన కరెంటు తీగలు. మధ్యలో మురుగు కాలువ. ఆపై రోడ్డు.

కొబ్బరి తోటలో వదిలితే చెట్లు, గెలలు మీద పడతాయి. చెరువుల మధ్య వదిలితే తెగిపడ్డ తీగ ఎక్కడుందో తెలియదు. రోడ్డు మీదకు వదిలితే చీకట్లో లారీ వాళ్లకు నల్ల గేదె కనిపించదు. అంటే మన దగ్గర వదిలేయడం అనేది సలహా కాదు. ఎక్కడికి వదలాలో చెబితేనే అది సలహా!

డెల్టా రైతుకు దీనికి పాత జవాబు ఒకటుంది. ఏటిగట్టు. గోదావరికి వరదొస్తే లంక గ్రామాల జనం పశువులను తోలుకొచ్చి గట్టు మీద పెట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే. నీటి గండానికి అది మంచి జవాబే. కానీ గాలి తుఫాన్‌లో గట్టు మీద ఏ అడ్డూ ఉండదు. కాబట్టి ఊళ్లోనే మెరక మీద ఉన్న స్కూల్ ఆవరణో, మార్కెట్ యార్డో, కాంక్రీటు గోదామో ముందే చూసి పెట్టుకోవడం ఒక్కటే దారి.

విశాఖ ఆర్కే బీచ్‌లో సవారీలు తిప్పే గుర్రాల యజమానులదీ ఇదే పరిస్థితి. సముద్రానికి కూతవేటు దూరంలో బతుకు. తుఫాన్ హెచ్చరిక రాగానే గుర్రాన్ని తీరానికి దూరంగా, నగరం లోపలికి నడిపించుకెళ్లడమే వాళ్లు చేయగల మొదటి పని. సిటీ రోడ్ల మీద గుర్రాన్ని వదిలేయడం అనేది అసలు ఆలోచించాల్సిన మాటే కాదు.

పిడుగు, టోర్నడో లెక్క వేరే

అన్ని గాలివానలూ తుఫాన్లు కావు. వేసవిలో అరగంట, గంట వచ్చి పోయే పిడుగుల వాన సంగతి వేరు. అప్పుడు పశువును పక్కా కప్పు కిందకు తేవడమే మంచిది. పొలంలో ఒంటరి చెట్టు కింద గుంపుగా నిలబడ్డ పశువులు ఒక్క పిడుగుకే అన్నీ పడిపోవడానికి కారణం ఉంది. పిడుగు చెట్టును తాకి నేలలోకి దిగినప్పుడు కరెంటు చుట్టూ పాకుతుంది. పశువు ముందు కాళ్లకు, వెనక కాళ్లకు మధ్య దూరం ఎక్కువ. ఆ రెండు చోట్ల వోల్టేజీలో తేడా ఉంటుంది. దాంతో ఒక కాలి నుంచి ఎక్కిన కరెంటు శరీరం గుండా వెళ్లి ఇంకో కాలి నుంచి దిగుతుంది. పొడవాటి ఇనుప తీగ కంచెకు ఆనుకుని నిలబడినా అదే ముప్పు.

టోర్నడో ఇంకో రకం. 2013 మే 20న అమెరికాలోని ఓక్లహామా రాష్ట్రం మూర్ పట్టణాన్ని ఈఎఫ్-5 స్థాయి టోర్నడో తాకింది. దారిలో ఉన్న గుర్రాల లాయాలు నేలమట్టమయ్యాయి. పదుల సంఖ్యలో గుర్రాలు చనిపోయాయి. అక్కడ హెచ్చరికకు, దెబ్బకు మధ్య ఉండేది నిమిషాల టైం. ఆలోచించుకునే అవకాశమే లేదు. తుఫాన్‌లో అలా కాదు. మూడు రోజుల ముందే కబురు అందుతుంది. ఆ మూడు రోజులను వాడుకోకపోతే మాత్రం మనమూ టోర్నడో ముందు నిలబడ్డట్టే.

ఇంకో సంగతి. 2017 డిసెంబర్‌లో కాలిఫోర్నియాలోని శాన్ లూయీ రే గుర్రాల శిక్షణ కేంద్రాన్ని కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు సిబ్బంది వందల గుర్రాలను వదిలేశారు. చాలా వాటి ప్రాణాలు దక్కాయి. అయినా 46 గుర్రాలు చనిపోయాయి. వదిలిన గుర్రాల్లో కొన్ని బెదిరిపోయి మళ్లీ తమ లాయం వైపే పరిగెత్తాయి. భయపడ్డ పశువుకు తెలిసిన చోటే భద్రంగా అనిపిస్తుంది. గేదె అయినా అంతే. చివరి నిమిషంలో పలుపు విప్పి అదిలిస్తే తిరిగి అదే పాకలోకి వస్తుంది. ముందు రోజు తాపీగా నడిపించుకెళ్లడానికీ, చివర్లో తరిమేయడానికీ ఉన్న తేడా ఇదే.

బులెటిన్‌లో ఏ నంబర్ చూడాలి?

వాతావరణ శాఖ బులెటిన్‌లో రెండు నంబర్లు రైతుకు కీలకం. ఒకటి గాలి వేగం. రెండోది ఉప్పెన ఎత్తు. టీవీల్లో మొదటిదే ఎక్కువగా మోగుతుంది. పశువు ప్రాణానికి రెండోదే ముందు చూడాలి.

గాలి గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల మధ్య ఉంటే తుఫాన్. 89 నుంచి 117 దాకా తీవ్ర తుఫాన్. 118 దాటితే అతి తీవ్ర తుఫాన్. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తీవ్ర తుఫాన్ స్థాయిలోనిదే. ఈ స్థాయిలో తాటాకు పాకలు లేచిపోతాయి, గట్టి పక్కా షెడ్డు సాధారణంగా నిలబడుతుంది. 118 దాటితే మాత్రం రేకుల షెడ్డును నమ్ముకోవడానికి లేదు. గాలి వేగం రెండింతలైతే గోడ మీద పడే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. 60లో ఊగిన రేకు 120లో కత్తిలా ఎగురుతుందనడానికి కారణం అదే.

ఈ లెక్కన నిర్ణయం ఇలా తేలుతుంది. ఉప్పెన లేదా వరద ముప్పు ఉన్న పల్లపు ఊరైతే లోపలా బయటా అన్న చర్చే అనవసరం, మెరకకు తరలించాల్సిందే. నీటి ముప్పు లేకుండా గాలి ఒక్కటే అయితే పక్కా కాంక్రీటు కట్టడంలో, కట్టకుండా ఉంచొచ్చు. ఉన్నది తాటాకు పాకో, పాత రేకుల షెడ్డో అయితే చెట్లు, తీగలు లేని ఖాళీ జాగా దానికంటే నయం. ఆ జాగాకు కంచె లేకపోతే మాత్రం పక్క ఊరి పక్కా షెడ్డే గతి.

నిర్ణయానికి ఒక గడువుంది

తూర్పు తీరానికి వాతావరణ శాఖ నాలుగు దశల్లో హెచ్చరికలు ఇస్తుంది. 72 గంటల ముందు తుఫాన్ నిఘా సందేశం. 48 గంటల ముందు అలర్ట్. 24 గంటల ముందు వార్నింగ్. 12 గంటల ముందు, తీరం దాటాక పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పే అంచనా.

పశువు ఉన్న ఇంటికి ఇదే టైంటేబుల్ కావాలి. మొదటి సందేశానికే చోటు ఖరారు. రెండోదానికి మేత, నీళ్లు అక్కడికి చేరాలి. మూడోది వచ్చేలోపు పశువు చేరాలి. నాలుగోది వచ్చాక ఇక ఎవరూ కొట్టం వైపు వెళ్లకూడదు. ఎందుకంటే తుఫాన్‌లో పశువు కోసం వెనక్కి వెళ్లి ప్రాణం మీదకు తెచ్చుకునే మనుషులున్నారు. అర్ధరాత్రి గాలిలో పలుపు విప్పడానికి వెళ్లే అవసరం రాకుండా చూసుకోవడమే అసలు జాగ్రత్త. తీరం దాటేటప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోయినా బయటకు రావొద్దు. తుఫాన్ కన్ను దాటగానే ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే జోరుగా గాలి కొడుతుంది.

కట్టు విప్పితే సరిపోదు

గుర్రానికి రోజుకు 45 నుంచి 75 లీటర్ల నీళ్లు సిద్ధంగా ఉంచాలని ఫ్లోరిడా నిపుణుల లెక్క. మేత కనీసం మూడు రోజులకు, వీలైతే వారానికి. పాడి గేదెకు కూడా నీటి అవసరం తక్కువేం కాదు. తుఫాన్ తర్వాత కరెంటు పోతుంది. మోటారు ఆడదు. బావిలోకి ఉప్పునీరో, మురుగో చేరుతుంది. ఆండ్రూ తర్వాత పశువులు దాహంతో చనిపోయాయన్నది ఇందుకే గుర్తుంచుకోవాలి. డ్రమ్ములు ముందే నింపుకోవాలి.

రెండోది గుర్తింపు. అమెరికాలో గుర్రం తోకకు, మెడ పట్టీకి యజమాని పేరు, ఫోన్ నంబర్ తడవకుండా కట్టి వదులుతారు. మన దగ్గర పశువు చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంది. అది ఊడిపోయి ఉంటే ముందే మళ్లీ వేయించుకోవాలి. ట్యాగ్ కనిపించేలా పశువు ఫొటో ఒకటి ఫోన్‌లో ఉంటే రేపు ఏ ఊళ్లో దొరికినా తెచ్చుకోవచ్చు.

మూడోది టీకా. వరదనీటి తర్వాత గొంతువాపు, జబ్బవాపు లాంటి రోగాలు చుట్టుముడతాయి. వానాకాలానికి ముందే టీకాలు వేయించిన పశువుకు ఆ భయం తక్కువ. తడిసి బూజు పట్టిన గడ్డి పెట్టకూడదు. పొలంలోకి మళ్లీ తోలేముందు తెగిన తీగలు, మేకులున్న రేకులు, మెరక వెతుక్కుంటూ వచ్చిన పాములు ఉన్నాయేమో చూసుకోవాలి. పశువుకు దెబ్బ తగిలితే 1962కు, తీగ తెగి కనిపిస్తే 1912కు ఫోన్ చేయాలి.

పరిహారం లెక్క.. అసలు లోటు

2022-26 కాలానికి కేంద్రం నిర్దేశించిన విపత్తు సాయం నిబంధనల ప్రకారం పాడి గేదె లేదా ఆవు చనిపోతే 37,500 రూపాయలు. గుర్రం, ఎద్దు లాంటి పని పశువుకు 32,000. దూడ, గాడిదకు 20,000. గొర్రె, మేకకు 4,000. పెద్ద పాడి పశువులైతే ఒక్కో కుటుంబానికి మూడింటి వరకే. మంచి ముర్రా గేదె ధర లక్ష దాటుతున్న రోజులివి. అంటే పోయిన గేదె స్థానంలో ఇంకో గేదె రాదు. ఆ ఇంటికి రోజూ వచ్చే పాల డబ్బులు ఆగిపోతాయి, గేదె మీద తెచ్చిన అప్పు మాత్రం ఆగదు.

అందుకే చాలామంది ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి రారు. అధికారులు బతిమాలినా కదలరు. దాన్ని మొండితనం అనడం తేలిక. కానీ ఆ మనిషి బతుకు అంతా ఆ గుంజకు కట్టి ఉంది. బంగ్లాదేశ్ ఈ సంగతిని ముందే గుర్తించింది. 1970 నాటి పెను తుఫాన్ తర్వాత తీరంలో కిల్లాల పేరుతో ఎత్తైన మట్టి దిబ్బలు కట్టింది. ఉప్పెన వస్తే పశువులను వాటి మీదకు తోలతారు. పశువుకు చోటు దొరికితే మనిషి షెల్టర్‌కు వస్తాడు. అమెరికాలో కూడా ఈ లోటు ఉంది. కత్రినా అనుభవంతో 2006లో తెచ్చిన చట్టం తరలింపు ప్రణాళికల్లో ఇంటి పెంపుడు జంతువులను చేర్చమంది. గుర్రాలు ఆ నిర్వచనంలోకి రాలేదు.

దివిసీమ తర్వాత మన తీరంలో మనుషుల కోసం తుఫాన్ షెల్టర్లు వచ్చాయి. హెచ్చరికలు మెరుగయ్యాయి. మరణాలు బాగా తగ్గాయి. ఇది చిన్న విజయం కాదు. ఇక మిగిలింది ప్రతి తీర గ్రామంలో పశువులను ఎక్కడికి తోలాలో పేరు పెట్టి చెప్పగలిగే ఒక మెరక. చెరువు పూడిక మట్టితో పోసిన దిబ్బైనా చాలు. దాని మీద ఒక నీళ్ల తొట్టి, దారి ఒకటి. అది ఉన్న ఊళ్లో కట్టేయాలా, వదిలేయాలా అన్న ప్రశ్నే రాదు. అది లేని ఊళ్లో మాత్రం ఈ సీజన్‌లో మొదటి అల్పపీడనం కబురు వచ్చేలోపే రైతులు నలుగురూ కూర్చుని ఆ చోటేదో తేల్చుకోవాలి. తుఫాన్‌కు పేరు పెట్టాక మొదలుపెడితే ఆలస్యమే.